గుండ్లకమ్మకు పదిహేడు తెల్లబట్టలు

శనివారం రాత్రి, ఒంగోల్లో మా అత్తయ్య ఇంటి వరండా. నవారు మంచం మీద ఉతికి ఆరేసిన తెల్ల పంచెలు, తెల్ల చీరలు గుట్టగా పడి ఉన్నాయి. తెల్లారితే మా తమ్ముడు తన సంఘం నుంచి పదిహేడుమందిని గుండ్లకమ్మకు తీసుకెళ్ళి బాప్తిస్మం ఇవ్వాలి. బట్టలు మడతపెట్టి ఇస్తానని అత్తయ్యే అడిగి తెప్పించుకుంది. ఆమె అడిగింది బట్టల కోసం కాదని, పేర్ల జాబితా చూడ్డం కోసమని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

అత్తయ్య మా నాన్న చెల్లెలు. ముప్పయ్యారేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. పాత బాప్టిస్టు సంఘంలో పుట్టింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, ఇవాళ్టికీ ఆదివారం ఆ గుళ్ళోనే రెండో వరసలో కూర్చుంటుంది. తమ్ముడు తొమ్మిదేళ్ళ కిందట ఊరి చివర, చీమకుర్తి రోడ్డు వైపు, ఒక రేకుల షెడ్డులో స్వతంత్రంగా సంఘం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరూ కూర్చుంటే వాదన తప్పదు. ఆ రాత్రి మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్య: జాబితా ఇట్టా ఇవ్వు. కళ్ళజోడు కూడా అందుకో. పదిహేడు పేర్లు. ఇందులో కొత్తవాళ్ళెంతమందిరా?

తమ్ముడు: బాప్తిస్మానికి వచ్చేవాళ్ళు అందరూ కొత్తవాళ్ళేగా అత్తా.

అత్తయ్య: నేనడిగేది అది కాదు. యేసయ్య పేరు నీ దగ్గరే మొదటిసారి విన్నవాళ్ళు ఎంతమంది? మా గుళ్ళోనో లూథరన్ గుళ్ళోనో పుట్టి పెరిగి, పాటలు బాగున్నాయని నీ షెడ్డుకు వచ్చినవాళ్ళని తీసేసి చెప్పు.

తమ్ముడు: ఈ పదిహేడులో తొమ్మిదిమంది. మొత్తం సంఘంలో ఎంతమందని తర్వాత అడుగుతావు, అదీ ఇప్పుడే చెప్పేస్తా. ఆదివారం రెండువందల పదిమంది దాకా వస్తారు. అందులో ముప్పయ్యొక్కమంది.

అత్తయ్య: నిజం చెప్పావు, అందుకు సంతోషం. కాని నాయనా, మొన్న వార్షికోత్సవం కరపత్రంలో ‘రెండువందల ఆత్మల సంపాదన’ అని వేయించావు. ఒక పొలంలో నీళ్ళు ఇంకో పొలానికి మళ్ళించి వాన పడిందంటే ఎట్టా?

తమ్ముడు: ఆ మాట నేను వేయించి ఉండకూడదు. ఒప్పుకుంటా. కాని ఆ నీళ్ళు మీ పొలంలో ఎందుకు నిలవలేదో అడగవేం? శ్రీకాకుళం నుంచి గ్రానైటు పనికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఇద్దరు మొదట మీ గుడికే వచ్చారు. ముందు బల్ల ఖాళీగా ఉంటే కూర్చున్నారు. సంఘపెద్ద ఒకాయన వచ్చి, ఇది ఫలానా కుటుంబం వాళ్ళ బల్ల, వెనక్కి వెళ్ళండి అన్నాడు. వెనక్కి వెళ్ళారు. ఆరాధన అయిపోయాక ఒక్కరంటే ఒక్కరు ‘మీదే ఊరమ్మా’ అని అడగలేదు. మరుసటి ఆదివారం నా షెడ్డు ముందు నిలబడి, ‘సార్, ఎక్కడ కూర్చోమంటారు’ అని అడిగారు. ఆ ప్రశ్న విన్నాక నాకు ఆ రోజు ప్రసంగం నోట రాలేదు.

అత్తయ్య చేతిలోని పంచె మడత మధ్యలో ఆగిపోయింది.

అత్తయ్య: ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. చూశాను. లేచి వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. కూర్చోబెట్టుకోలేదు.

తమ్ముడు: నిన్ను అనడం లేదత్తా.

అత్తయ్య: నన్నే అను. గుడి పెరగకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు. మాకు ఆస్తి తగాదాలున్నాయి, కోర్టు కేసులున్నాయి, కమిటీ ఎన్నికలున్నాయి. మాల గుడి, మాదిగ గుడి అని మనలో మనకే గోడలున్నాయి. అవన్నీ నిజమే. కాని ఆ రోజు నా పక్కన రెండు మూరల బల్ల ఖాళీగా ఉంది. సరే, నీ దెబ్బ నాకు తగిలింది. ఇక నా మాట విను. నువ్వు చోటిచ్చావు, అది సువార్తే. చోటిచ్చి ఊరుకున్నావా? మైకు, కరపత్రం, ఇంటింటి ప్రార్థన, యూట్యూబు, మెడికల్ క్యాంపు. చోటిస్తే చాలదా? బతికి చూపిస్తే చాలదా?

తమ్ముడు: చాలదు. ఇక్కడే నీకూ నాకూ తేడా. బతికి చూపిస్తాం, నోరు మూసుకుంటాం అనడం మర్యాదగా వినబడుతుంది. కాని నేను మంచివాణ్ణి అని ఎదుటివాడికి తెలిస్తే వాడికి ఒరిగేదేముంది? నాకు దొరికింది ఎక్కడ దొరికిందో చెప్పకపోతే అది పిసినారితనం. మన ఇంటికి ఈ మాట ఎట్టా వచ్చింది? ఎవరో నోరు తెరిచి చెప్పబట్టేగా. పేరయ్య తాత నోరు మూసుకుని ఉంటే మనం ఇవాళ ఈ వరండాలో ఈ పేర్లతో కూర్చునేవాళ్ళం కాదు.

పేరయ్య మా రక్తసంబంధి కాడు. అయినా ఈ ప్రాంతపు బాప్టిస్టు ఇళ్ళల్లో ఎర్రగుంట్ల పేరయ్యను తాత అనే అంటారు. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ళ పని, తోళ్ళ బేరం. రాజయోగం నేర్చి, శిష్యులను కూడా సంపాదించుకున్నవాడు. బేరం మీద ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు యేసు సంగతి విని, వెతుక్కుంటూ మిషనరీల దగ్గరికి వచ్చాడు. ఆయన్ను వెతికి పట్టుకున్నది మిషనరీలు కాదు. ఈ వరస నాకు ముఖ్యమనిపిస్తుంది.

అత్తయ్య: పేరయ్య పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అక్కడే నిలబడదాం. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. అంతకుముందు సంగతి నీకు తెలుసు. 1836లో మొదలైన మిషను, ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ ఫలం లేదు, మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు, అదిగో ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. నువ్వేమో మూడు నెలలకొకసారి లెక్క చూసుకుని దిగులుపడతావు.

తమ్ముడు: ఆ పన్నెండేళ్ళూ వాళ్ళు చెబుతూనే ఉన్నారు. అది కూడా చెప్పు.

అత్తయ్య: చెబుతూనే ఉన్నారు, కాదనను. కాని పెరుగుదల ఎట్టా వచ్చిందో చూడు. మొదట పైకులాల వాళ్ళు క్లౌ దొర దగ్గర కూర్చుని శ్రద్ధగా వింటున్నారు. ఈలోగా పేరయ్య తాలూకు మాదిగలు వచ్చారు. వీళ్ళని చేర్చుకుంటే మేం రామని వాళ్ళు తేల్చి చెప్పారు. దొర ఒక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో అదే అధ్యాయం వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. లోకం లెక్కలోకి రానివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడన్న అధ్యాయం. మాదిగల్ని చేర్చుకున్నాడు. పెద్దకులాలు వెళ్ళిపోయాయి. లెక్క చూసుకునేవాడైతే ఆ పని చేసేవాడు కాదు.

తమ్ముడు: ఆ తర్వాత సువార్తను మోసింది ఎవరు? పేరయ్య బంధువులు. పిల్లనిచ్చిన ఊరు, పిల్లను తెచ్చుకున్న ఊరు, చెప్పులు కుట్టిచ్చే ఊరు, వాటి మీదుగానే పాకింది. ఎవరూ కొత్తగా రోడ్డు వెయ్యలేదు. నేను చేసేదీ అదే. నా షెడ్డుకు వచ్చే గ్రానైటు కూలీ ఇంటికి ఫోను చేసి తన తమ్ముడికి చెబుతాడు. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఏం చేశారు? 1912లో బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా నెత్తిమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. చదువురాని కూలీ చేత కూడా. ఏడాదికి ఒక వారం అందరూ సాక్ష్యం చెప్పడానికే బయల్దేరేవాళ్ళు. సేవ చెయ్యండి, మతంలో కలుపుకోవద్దని గాంధీగారు అంటే అజరయ్యగారు మర్యాదగానే, తలవంచకుండానే కాదన్నారు.

అత్తయ్య: అజరయ్యగారి మాట మీద నాకు గొడవ లేదు. ఆ పల్లెల్లో ఉపదేశకుడు ఆ పల్లెలోనే కాపురం ఉండేవాడు. వాడి పెళ్ళాం ఎట్టా మాట్లాడుతుందో, వాడు అప్పు తీరుస్తాడో లేదో ఊరంతా చూసేది. నోటి మాటకు వెనకాల పూచీ ఉండేది. నీ యూట్యూబుకు పూచీ ఎవరు? దాన్ని కూడా వదిలెయ్. నా గొడవంతా నీ మెడికల్ క్యాంపు మీద.

ఇక్కడ అత్తయ్య గొంతు మారింది. ఆమె ఈ మాట కోసమే ఇంతసేపూ దారి తీసుకుందని నా ఊహ.

అత్తయ్య: పోయిన నెల కంటి పరీక్ష క్యాంపు పెట్టావు. ఉచితం. మంచి పని. టోకెన్లు ఎప్పుడిచ్చారు?

తమ్ముడు: ప్రార్థన అయ్యాక.

అత్తయ్య: ప్రార్థన ఎంతసేపు?

తమ్ముడు: వాక్యంతో కలిపి ముప్పావుగంట.

అత్తయ్య: ముసలోళ్ళు, షుగరు ఉన్నోళ్ళు, పొద్దున టిఫిను లేకుండా వచ్చినోళ్ళు ముప్పావుగంట టెంటు కింద కూర్చున్నారు. లేచి వెళ్తే టోకెను పోతుంది. అది వినడం కాదురా, కాచుకోవడం. నీకు కోపం రానీ, చెప్పి తీరాలి. ఎందుకంటే ఆ తప్పు నేను నీకన్నా ముందు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక మిషను ఆసుపత్రి. పొద్దున డ్యూటీ ఎక్కగానే వార్డులో వాక్యం చదివి ప్రార్థన చెయ్యాలి, ఆ తర్వాతే మందుల ట్రే కదలాలి. అక్కడ అది ఆనవాయితీ. నాకూ ఇష్టమే, గొంతు బాగుందని నాచేతే చదివించేవాళ్ళు. మిరపకోతకు వచ్చిన ఒకామె, కాలు చితికిపోయి పడి ఉంది. రాత్రంతా మూలిగింది. నేను బైబిలు తెరిచి ఆమె మంచం దగ్గర నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, ‘అమ్మా, ముందు సూది వెయ్యి. నొప్పి తగ్గాక నువ్వు ఎంతసేపు చదివినా వింటా’ అంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. నేను చదవడం ఆపలేదు. పైన సిస్టరు చూస్తోందని. అధ్యాయం పూర్తిచేసి, ప్రార్థన చేసి, అప్పుడు సూది వేశాను. ఐదు నిమిషాలో ఆరు నిమిషాలో. నలభై ఏళ్ళయింది. ఆ చెయ్యి నా మణికట్టు మీద ఇంకా ఉంది.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

తమ్ముడు: ఆమె తర్వాత విందా?

అత్తయ్య: మర్నాటి నుంచి ముందు సూది వేసేదాన్ని, తిట్లు పడ్డాను. ఆమెకు నొప్పి తగ్గాక చదవనా అని అడిగాను. వద్దంది. పదిరోజులుండి ఇంటికెళ్ళిపోయింది. వినలేదు.

తమ్ముడు: చూశావా మరి. సూది ముందు వేస్తే వినరు.

అత్తయ్య: వినకపోతే వినదు. వద్దనే వీలు ఆమెకు ఉండాలి. వద్దనడానికి వీల్లేని చోట అవునంటే, ఆ అవుననే మాటకు విలువేముంది? దేవుడికి మాత్రం అది ఎందుకు?

ఈ విషయంలో నేను అత్తయ్య పక్షం. తమ్ముడి మీద ప్రేమతోనే ఈ మాట అంటున్నాను. మాదిగ, మాల పల్లెలు సువార్తను బియ్యం కోసం పుచ్చుకున్నాయని నూటయాభై ఏళ్ళుగా అంటున్నారు. ఆ నింద మా నాయనమ్మ విన్నది, మా నాన్న బడిలో విన్నాడు, నేను హాస్టల్లో విన్నాను. దానికి జవాబు మా చరిత్రలోనే ఉంది. ఆ జవాబును టోకెను చేతబట్టుకుని మనమే చెరిపేస్తే మనకు మిగిలేదేమీ ఉండదు. ఆ జవాబేమిటో అత్తయ్య నోటనే వినండి.

అత్తయ్య: ధాత కరువు చెప్పుకునేవాళ్ళు మా నాయనమ్మ వాళ్ళు. 1876లో వానల్లేవు, 77లో పిడికెడు గింజల్లేవు. క్లౌ దొర కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే మూడు మైళ్ళ పైచిలుకు ముక్క కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ధర్మానికి గంజి పోయించుకోకుండా పనిచేసి కూలి తీసుకునేట్టు. బోధకులే మేస్త్రీలు. పొద్దున తవ్వకం, సాయంత్రం అలసిపోయి కూర్చున్నవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మాటలు. వేలమంది బాప్తిస్మం ఇవ్వమన్నారు. దొర ఏమన్నాడు?

తమ్ముడు: ఇవ్వనన్నాడు.

అత్తయ్య: ఇవ్వనన్నాడు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. నా చేతిలో కూలి డబ్బులున్నంతకాలం నీళ్ళలోకి దిగొద్దన్నాడు. 1878 జూన్‌లో పని అయిపోయింది, సాయం నిధి అయిపోయింది. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు క్రైస్తవులైనవాళ్ళని రమ్మన్నాడు, సాయం కోసమైతే ఎవరూ రావద్దని చెప్పి పంపాడు. రావద్దన్నా వచ్చారు. ఇక పైసా లేదని దొర చెప్పాడు. మాకు డబ్బు వద్దు, తవ్వి తిన్నాం, ఇదిగో చూసుకో అని కాయలు కాసిన అరచేతులు చూపించారు. జులై 3న ఒక్కరోజే రెండువేల రెండువందల ఇరవైరెండుమంది. పొద్దున ఆరింటికి మొదలై ఎండ ముదిరాక ఆపారు, మళ్ళీ రెండింటికి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు ఇద్దరుగా నీళ్ళలో నిలబడి. రేపు నువ్వు దిగబోయేది ఆ నీళ్ళలోకే.

తమ్ముడు: ఈ కథ నాకు నోటికి వచ్చు. ప్రతి ఏటా చెబుతా. కాని అత్తా, నువ్వు చెప్పని సగం కూడా ఉంది. ఆ పదిహేను నెలల్లో ఎంతమంది పోయారు? కలరా వచ్చింది, మశూచి వచ్చింది. బాప్తిస్మం ఇవ్వండయ్యా అని అడిగి, ఇవ్వనంటే వెనక్కెళ్ళి పాకలో చచ్చిపోయినవాళ్ళు లేరా? వాళ్ళకి ఆ నీళ్ళు అందలేదు. ఆపినవాడి నిజాయితీకి వాళ్ళు మూల్యం కట్టారు. పేదవాడు ఎప్పుడొచ్చినా వాడి ఆకలిని చూసి అనుమానిస్తాం. ఉన్నవాడొస్తే ఎందుకొచ్చావని అడగం. వాడికీ ఏదో ఒక ఆకలి ఉంటుంది, కాకపోతే కనబడదు. పేదవాడి మనసు మాత్రం కడుపు చాటున ఉందని ఎట్టా తేల్చేస్తాం? బియ్యం కోసం వచ్చారని మన నాయనమ్మను అన్నవాళ్ళకీ, నీకూ అప్పుడు తేడా ఏముంది?

ఈ మాటకు అత్తయ్య దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గరా లేదు. తమ్ముడు నేరుగా మా నాయనమ్మను తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు.

అత్తయ్య: (చాలాసేపటికి) నేను అనుమానించేది వాళ్ళని కాదురా. మనల్ని. టోకెను పట్టుకున్న చేతిని. క్లౌ దొర కూడా వాళ్ళని అనుమానించలేదనుకుంటా, తన చేతిలోని సంచిని అనుమానించాడు.

తమ్ముడు: అది ఒప్పుకుంటా. క్యాంపులో ఇకముందు టోకెన్లు ముందిస్తాం. వాక్యం వేరే రోజు, ఇష్టమున్నవాళ్ళకి. సరేనా? కాని చెప్పడం మాత్రం ఆపను. చట్టం కూడా ఆపమనడం లేదు. రాజ్యాంగం 25వ అధికరణంలో ప్రచారం అన్న మాట ఉంది.

అత్తయ్య: 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ఏమందో కూడా చెప్పు. నీ విశ్వాసం ఏమిటో వివరించే హక్కు నీకుంది గాని, ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు నీకు లేదంది. మనవాళ్ళు ఆ తీర్పు మీద చాలా బాధపడ్డారు. నాకు మాత్రం అందులో మన వాక్యమే వినబడింది. మార్చేది మనమని మన పుస్తకంలో ఎక్కడుంది? నాటేవాడు నాటతాడు, నీళ్ళుపోసేవాడు పోస్తాడు, పెంచేవాడు వేరే ఉన్నాడు.

తమ్ముడు: వాక్యం వరకు బాగానే ఉంది. కాని ఆ తీర్పును పట్టుకుని ఇంటి ప్రార్థన మీదకు కేసు పెట్టేవాళ్ళు ఈ వ్యాఖ్యానం వినరు. ఇంకో సంగతి. ఈ పదిహేడులో పదకొండుమందికి ఎస్సీ సర్టిఫికెట్లున్నాయి. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కులకు 56లో ఇచ్చారు, బౌద్ధులకు 90లో ఇచ్చారు, మనకు లేదు. మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. పిల్లాడి సీటు, ఫీజు, అన్నీ పోతాయి. గుడిసె మారదు, కులం పేరు పెట్టి పిలిచే నోరు మారదు, కాగితం మాత్రం మారిపోతుంది. నువ్వేమో అవుననే మాటకు విలువ ఉండాలంటున్నావు. వీళ్ళు ఇచ్చే విలువ చూడు. నా దగ్గరికి వస్తే పుచ్చుకునేదానికన్నా పోగొట్టుకునేదే ఎక్కువ. కొందరు పుస్తకంలో పేరు రాయొద్దంటారు. నేను రాయను.

అత్తయ్య: రాయవా? మా గుళ్ళో పాత బాప్తిస్మపు రిజిస్టరు నేను చూశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, వరసగా. అట్ట ఊడిపోయింది, చెదలు అంచులు కొరికింది. మా నాయనమ్మ పేరు వేలితో తడిమాను. పేరు రాయడమంటే మనిషిని మనిషిగా లెక్కపెట్టడం అప్పట్లో. ఇప్పుడు పేరు రాస్తే నష్టమా?

తమ్ముడు: ఇప్పుడంతే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి ఒకటిన్నర కూడా లేరు. ఆదివారం ఏ పల్లెకు పోయినా ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. అందుకే సంఖ్య మీద నీకున్న కోపం నాకు పూర్తిగా అర్థం కాదు. మనది సంఖ్య దాచుకోవాల్సిన బతుకు. నా షెడ్డులో రెండువందలమంది ఒకే గొంతుతో పాడితే నాకు పొంగిపోవాలనిపిస్తుంది. అది గర్వమంటావా?

అత్తయ్య: కాదులే. అది గర్వం కాదు.

ఆమె మళ్ళీ జాబితా చేతిలోకి తీసుకుంది. చూపుడువేలు పన్నెండో పేరు దగ్గర ఆగింది.

అత్తయ్య: పన్నెండు, పదమూడు. మొగుడూ పెళ్ళాం. వీళ్ళ పిల్లకేగా డెంగీ వచ్చింది? ఆసుపత్రి బిల్లు నీ సంఘమే కట్టింది.

తమ్ముడు: కట్టాం. ముప్పయ్యెనిమిది వేలు. అడక్కముందే కట్టాం.

అత్తయ్య: ఎప్పుడు?

తమ్ముడు: ఆరు వారాలైంది. అత్తా, నువ్వేమంటావో తెలుసు. ఆపమంటావు. రేపు పొద్దున ఐదింటికి ఆటో ఎక్కడానికి వాళ్ళు సిద్ధమై ఉన్నారు. వాళ్ళకి మాత్రం చెప్పమంటావా, మీరు రావద్దు, మీ మీద మాకు నమ్మకం లేదని? వాడలో ముఖం ఎట్టా ఎత్తుకుంటారు?

అత్తయ్య: ఆపమనను. నేను క్లౌ దొరను కాదు. నేను కూడా వస్తా. ఆ అమ్మాయితో, మొగుడితో, నీళ్ళకు ముందు కాసేపు కూర్చుంటా. నువ్వు దగ్గర ఉండకూడదు.

తమ్ముడు: ఏమడుగుతావు?

అత్తయ్య: ఏమీ అడగను. ఒక మాట చెబుతా. ఆ డబ్బు మీరు తీర్చనక్కర్లేదు, ఈ నీళ్ళతో దానికి సంబంధం లేదు, ఇవాళ మీరు ఇంటికి వెళ్ళిపోయినా పిల్లను చూడ్డానికి రేపు మా వాడు వస్తాడు. అంతే. వస్తావా?

తమ్ముడు: వస్తాను. ఎందుకు రాను?

తెల్లవారుజామున మేం వెల్లంపల్లి చేరేసరికి నది మీద పల్చగా మంచు ఉంది. పక్కన హైవే మీద లారీల రొద. నీళ్ళు మోకాళ్ళ లోతే ఉన్నాయని తమ్ముడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కర్రతో లోతు చూసుకుంటూ కిందికి నడిచారు. అత్తయ్య తుమ్మచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చుంది. ఆ దంపతులు ఆమె ముందు కూర్చున్నారు. పిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. అరగంట పట్టింది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, తర్వాత అడగలేదు. మధ్యలో ఒకసారి ఆ భర్త రెండు చేతులతో ముఖం కప్పుకోవడం మాత్రం కనబడింది.

తర్వాత ఆమె లేచి, పిల్లను అత్తయ్య ఒళ్ళో పడుకోబెట్టి, తెల్లచీర కట్టుకుని వరసలో నిలబడింది. అతను రాలేదు. తమ్ముడి దగ్గరికి నడిచి వెళ్ళి, ‘అయ్యగారూ, నాకింకా కొంత తేలాలి. ఆదివారాలు మాత్రం వస్తా’ అన్నాడు. తమ్ముడు మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. అతని భుజం మీద తడిచెయ్యి వేసి, పిల్లకు చలిగాలి తగలకుండా చూసుకోమన్నాడు. భార్య నీళ్ళలోంచి పైకి వచ్చినప్పుడు ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డది అతనే.

కార్లో తిరిగొస్తూ తమ్ముడు జేబులోంచి జాబితా తీశాడు. తడిసి ముడుచుకుపోయింది. పదిహేడు కొట్టేసి పదహారు రాశాడు. వెనకసీట్లో అత్తయ్య ఒళ్ళో, మిగిలిపోయిన ఒక పంచె, మడత చెదరకుండా ఉంది.